తీసేసిన పదకొండు నిమిషాలు

నాకు కోపమెక్కువ. పుంగనూరులో ఎవరినడిగినా చెబుతారు. తాళి కట్టే సమయంలో కెమెరాకు అడ్డమొచ్చిన మేనమామల మీద అరిచాను. ఒకసారి పురోహితుణ్ణే చెయ్యి పట్టి పక్కకు లాగాను. అంతటివాణ్ణి అరవై రెండేళ్ల ఆడమనిషి ముందు నోట మాట రాక నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. అదెట్లా జరిగిందో దాచకుండా చెబుతాను.

ఆమె పేరు అన్నపూర్ణమ్మ. చౌడేపల్లె పోస్టాఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయింది. ఇంట్లో నాలుగు ఆవులు, వాటిని చూసుకునే భర్త. హాయిగా కూర్చుని పెరుగన్నం తినక ఈమె కాలికి బలపం కట్టుకుని తిరగడం మొదలుపెట్టింది. చేతిసంచిలో ఒక డిస్కు, ఒక కట్ట పోస్టుకార్డులు. ఆ డిస్కులో ఉన్నది యాభై రెండు నిమిషాల డాక్యుమెంటరీ. ఆఫ్రికాలో సూడాన్ దేశంలో దార్‌ఫర్ అనే చోట ఊళ్లకు ఊళ్లు తగలబెట్టి, కొన్ని జాతుల జనాన్ని అడ్రసే లేకుండా చేస్తున్నారని ఆ సినిమా. దాన్ని ఆపాలని పనిచేసే బెంగళూరు పిల్లలెవరో ఆమెకు పంపారు. అందరికీ చూపించండి, మీ భాషలోకి మార్చుకోండి అని అట్ట మీదే రాసుంది. సినిమా చూపించడం, చూసినవాళ్ల చేత ఢిల్లీకి కార్డు రాయించడం, ఇదీ ఆమె పని. మన దేశం నోరు విప్పి గట్టిగా అడగాలని ఆ కార్డులో రాయాలి.

ఇదంతా 2006లో మాట. అప్పటికి పుంగనూరులో ప్రొజెక్టరు ఉన్నది నా దగ్గరే. బోయకొండ వీడియోస్ జయచంద్ర అంటే నేనే. మదనపల్లెలో ఒక హాల్లో సినిమా వెయ్యాలని ఆమె నన్ను బాడుగకు పిలిచింది. వెళ్లాను. ముప్పై మంది వచ్చారు. సినిమా అంతా ఇంగ్లీషు. ఆమె తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పబోయింది గానీ, ఇంగ్లీషు గొంతు ముందు ఆమె గొంతు ఏం వినబడుతుంది? టమోటా మండీ నుంచి వచ్చిన బైరప్ప అనే ఆసామి మొదటి వరుసలోనే గురక పెట్టాడు. లేచాక "ఏ జిల్లామ్మా ఇది?" అని అడిగాడు. ఆ రోజు ఆమెకు దొరికిన కార్డులు తొమ్మిది.

తిరిగి వచ్చేటప్పుడు నా ఓమ్నీ వ్యానులోనే ఎక్కింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"మేడమ్, ఈ ఎండలో మీకెందుకివన్నీ? ఆ సూడాన్ యాడ, మన చౌడేపల్లె యాడ?" అన్నాను.

ఆమె సంచి ఒళ్లో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ చెప్పింది. "తొంభై నాలుగులో రువాండా అనే దేశంలో నూరు దినాల్లో ఎనిమిది లక్షల మందిని సంపినారప్పా. మన పేపర్లో లోపలి పేజీలో నాలుగు లైన్లు వచ్చినాది. నేను కౌంటర్లో కూసోని సదివినా. సదివి, ఆ పేపరు మడిసి బంక సీసా కింద పెట్టినా, బంక కారి టేబులు పాడైతాదని. నా సుట్టూ కార్డులే అప్పా. ఒక్కటి రాయాలని నాకు తోచలేదు."

"రాసుంటే ఆగుండునా?"

"ఆగకపోవచ్చు. కానీ నేను రాయలేదు కదా."

గేరు మార్చాను. పుంగనూరు వచ్చేలోపల ఆమె అసలు మాట బయటపెట్టింది. సినిమాను నేను తెలుగులోకి మార్చిపెట్టాలి. ముందు పుంగనూరులో, ఆ తర్వాత కుప్పంలో వెయ్యాలి. కుప్పంలో ఒక కల్యాణ మండపం ఆదివారం మధ్యాహ్నం ఊరికే ఇస్తామన్నారు, ఆషాఢం కదా, పెండ్లిళ్లు లేవు. ఆ రోజే బెంగళూరు పిల్లలు వచ్చి కార్డులన్నీ ఢిల్లీకి తీసుకుపోతారు. రెండేళ్లుగా ఆమె ఊరూరా తిరిగి పోగేసినవి నూటికి మించలేదు. ఐదు వందలు చేరుస్తానని వాళ్లకు మాటిచ్చి కూర్చుంది.

ఆషాఢంలో నాకు మాత్రం ఏం పని? షాపులో ఈగలు తోలుకుంటున్నాను. సరేనన్నాను.

నా పని గురించి కొంచెం చెప్పాలి. అప్పటికి పద్దెనిమిదేళ్లలో ఏడు వందల పెండ్లిళ్లు తీశాను. మా పనికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కాగితం మీద ఎవరూ రాసివ్వరు, కానీ తప్పితే మాత్రం కొట్టడానికి వస్తారు. మొగుడు పోయిన ఆడమనిషి తాళి కట్టే చోట క్యాసెట్లో పడకూడదు. తలంబ్రాల్లో పడకూడదు. పడితే మిక్సింగులో తీసేయాలి. ఎవరైనా గట్టిగా ఏడిస్తే తీసేయాలి. నుదుటి మీద బొట్టు లేని మొహం ఫ్రేములోకి రాగానే నా వేలు దానంతట అదే బటన్ మీదికి పోతుంది.

ఇందులో నేనెంత కచ్చితమంటే, తొంభై తొమ్మిదిలో మా తమ్ముడి పెండ్లికి మా అమ్మ సిద్ధమ్మను కూడా వదల్లేదు. మా నాయన పోయి అప్పటికి పదహారేళ్లు. మమ్మల్నిద్దరినీ సజ్జలు, చెనక్కాయలు పండించి సాకింది ఆమె. ముహూర్తం వేళ తనే వెళ్లి స్తంభం వెనక నిలబడింది, అయినా రెండు షాట్లలో పడింది. తీసేశాను. ఇంట్లో అందరం క్యాసెట్ చూస్తున్నప్పుడు చివరి దాకా చూసి "నేను యాడా పడలేదే అప్పా?" అని అడిగింది. టేపు నలిగిపోయిందమ్మా అని అబద్ధం చెప్పాను. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

సరే, సినిమా సంగతికి వస్తాను. అన్నపూర్ణమ్మ తెలుగులో రాసిచ్చింది, మాటలు నేనే చదివాను. పెండ్లి పత్రిక చదివినట్టు చదవొద్దప్పా అని రెండుసార్లు కోప్పడింది. కాలిన గుడిసెలు, గుర్రాల మీద తుపాకులవాళ్లు, ఇసుకలో గుడారాలు. మధ్యలో ఒక ఆడమనిషి. పేరు కల్తూమా. చాప మీద కూర్చుని, నేరుగా కెమెరాలోకి చూస్తూ పదకొండు నిమిషాలు మాట్లాడుతుంది. మొగుడు పోయాడు, ముగ్గురు కొడుకులు పోయారు. పక్కన ఇంకొందరు ఆడవాళ్లు, అందరిదీ అదే గతి. ఒకామె వెక్కి వెక్కి ఏడుస్తూ ఉంటుంది.

తీసేశాను. ఇంతసేపు ఏడుపు చూడలేక జనం లేచిపోతారని మనసులో ఒక సాకు చెప్పుకున్నాను. ఆమె మాటలకు అన్నపూర్ణమ్మ రాసిచ్చిన నాలుగు పేజీలూ పక్కన పడేశాను. ఆమె ఉన్నచోట ఒక మ్యాపు పెట్టి, పేజీ తిరిగే ఎఫెక్టు కలిపి, వెనక సన్నగా వయొలిన్ వేశాను. యాభై రెండు నిమిషాల సినిమా నలభై ఒకటయింది. ఎంత నున్నగా వచ్చిందో అని నా భుజం నేనే తట్టుకున్నాను.

పుంగనూరులో రైతు సంఘం హాల్లో వేశాం. పని ముగిసేసరికి ఆలస్యమై, అన్నపూర్ణమ్మ కూడా జనంతో పాటే మొదటిసారి చూసింది. ఈసారి ఎవరూ నిద్రపోలేదు. గుడిసెలు కాలాయి, పేజీ తిరిగింది, మ్యాపు వచ్చింది. అప్పుడు ఆమె లేచి నడుచుకుంటూ వచ్చి ప్రొజెక్టరు ముందు చెయ్యి అడ్డం పెట్టింది. తెర మీద ఆమె ఐదు వేళ్లే కనబడ్డాయి.

"ఆమె యాడ?" అంది.

"ఎవరు మేడమ్?"

"కల్తూమా యాడ?"

నీళ్లు నమిలాను. లాగ్ అయింది మేడమ్, ఏడుపెక్కువయింది, జనం నిలబడరు అని ఏవేవో అన్నాను. ఆమె చెయ్యి తీసేసి వెనక్కి వెళ్లి కూర్చుంది. సినిమా అయిపోయాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చి "శానా బాగుండాదప్పా, ఫోటోగ్రఫీ" అన్నాడు. అవతల టేబుల్ మీద కార్డుల కట్ట దాదాపు అట్లానే ఉంది. పదకొండు మంది రాశారు, అదీ మొహమాటానికి.

అరుస్తుందనుకున్నాను. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి, అది నాకు అలవాటే. ఆమె అరవలేదు. హాలు ఖాళీ అయ్యాక బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"జయచంద్రా, ఆయమ్మకి సదువు రాదు. గుడారం గుడారం తిరిగి పన్నెండు ఊర్లలో సచ్చిపోయినోళ్ల పేర్లు నోటికి నేర్చుకునింది. ఎవురన్నా కెమెరా పట్టుకోని వస్తే సెప్పాలని. ఈ సినిమా తీసినోళ్లకి ఊర్లు సూపించింది ఆమె. నువ్వు కాలిన కొట్టాలు పెట్టుకోని, అవి ఎవురివో సెప్పే మనిషిని తీసేసినావు."

నాకు చెవులు వేడెక్కాయి. "కుప్పానికి ఇంకెవరి చేతైనా చేయించుకోండి మేడమ్," అన్నాను. అది కోపమో సిగ్గో నాకే తెలియదు.

"ఇంకెవురో యాల? తీసింది నువ్వు. నువ్వే పెట్టు. ఆదివారానికి ఇంకా ఆరు దినాలుండాది," అని సంచి తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది. సినిమాను నాశనం చేసినవాడి చేతిలోనే మళ్లీ డిస్కు పెట్టి వెళ్లే మనిషిని నేనింతవరకు చూడలేదు. నేనైతే కాలర్ పట్టుకునేవాణ్ణి.

మర్నాడు పొద్దున షాపులో కూర్చుని కల్తూమాను మళ్లీ బయటికి తీశాను. ఆమెకు మగ గొంతు పనికిరాదు. ఎవరి చేత చెప్పించాలా అని తల పట్టుకుని కూర్చున్నాను. అంతలో మా అమ్మ క్యారియర్ తెచ్చింది. నేను తినేదాకా కదలదు, అది ఆమె అలవాటు. స్టూలు మీద కూర్చుని కంప్యూటర్ వైపు చూసింది.

"ఎవురప్పా ఈమె?"

చెప్పాను. గుర్రాల మీద వచ్చారనీ, సజ్జ చేను తగలబెట్టారనీ, మొగుణ్ణీ ముగ్గురు కొడుకుల్నీ చంపేశారనీ, ఆమె మాటలు తెలుగులో చెప్పే ఆడమనిషి కోసం చూస్తున్నాననీ.

"సజ్జ సేనా? వాళ్లూ మన మాదిరే సజ్జలు తింటారా?" అంది. కాసేపు ఆ మొహాన్నే చూసింది. "నిన్న హాల్లో నేనూ వెనక కూసోనుంటి కదప్పా. ఈమె రాలేదే?"

చేతిలో ముద్ద మళ్లీ క్యారియర్లో పెట్టేశాను.

"ఈమెను కూడా తీసేసినావా?"

'కూడా' అంది. ఏడేళ్లుగా ఆమెకు తెలుసు. టేపు నలగలేదని తెలుసు, నేను అబద్ధమాడానని తెలుసు. తెలిసీ నాకు మూడు పూటలా అన్నం తెచ్చిపెట్టింది. కోపంగా అని ఉంటే బాగుండేది. అట్లా అనలేదు, కూరలో ఉప్పు చాలిందా అన్నట్టు అడిగింది. నాకు ఏడుపొచ్చింది. పద్దెనిమిదేళ్లుగా జనం ఏడుపులు కత్తిరించినవాణ్ణి, నా క్యారియర్ ముందు కూర్చుని ఏడ్చాను.

అమ్మ కొంగుతో నా మొహం తుడిచింది. "లేప్పా, సెయ్యి కడుక్కో. ఈమె మాట ఎవురు సెప్పాలంటివి?"

"నువ్వే చెప్పాలమ్మా."

ఆమెకు చదువు రాదు. ఒక్కో వాక్యం నేను చదివితే, తన మాటల్లోకి మార్చుకుని చెప్పింది. అన్నపూర్ణమ్మకు ఫోన్ చేస్తే ఎగిరి గంతేసినంత పని చేసింది, మార్చుకోనీ, ఆమె నోటికి ఎట్లా వస్తే అట్లానే ఉండనీ అంది. అంతా ఒక పూటలో అయిపోయేదే. కొడుకుల పేర్ల దగ్గర మా అమ్మ ఆగిపోయింది. ఆదం, ఇద్రిస్, ఇస్హాక్. చివరి రెండూ నోరు తిరగలేదు. ఫరవాలేదమ్మా, వాళ్లకేం తెలుస్తుంది అన్నాను. నా వైపు ఒక చూపు చూసింది.

"కన్నతల్లి సెప్పిన పేర్లురా. తప్పు పలికితే ఆమెకెట్లుంటాది?"

రెండు రోజులు బియ్యం ఏరుతూ, ఆవుకు గడ్డి వేస్తూ ఆ పేర్లు వల్లించింది. ఆమె ఇంట్లో వల్లిస్తుంటే నేను షాపులో బీరువా అంతా బోర్లించి తమ్ముడి పెండ్లి ఒరిజినల్ క్యాసెట్ వెతికాను. దొరికింది. దాని మీద తమ్ముడి పేరు కొట్టేసి చౌడేపల్లె పెండ్లి అని రాసుంది, అదీ కొట్టేసి ఇంకెవరిదో ఓణీల ఫంక్షన్. కొత్త టేపు ఎందుకులే అని పాతదాని మీదే ఎక్కించడం మా పనిలో మామూలు. వేసి చూశాను. మా అమ్మ పడిన రెండు షాట్లు ఎక్కడా లేవు. ఎవరో పిల్ల నవ్వుతోంది. అన్నపూర్ణమ్మ డిస్కు ఉంది కాబట్టి కల్తూమా మళ్లీ వచ్చింది. మా అమ్మ రాలేదు.

ఆదివారం నా వ్యానులో ముగ్గురం కుప్పం పోయాం. అన్నపూర్ణమ్మ అప్పటికే వారమంతా కుప్పం పక్కనున్న శాంతిపురం వీధులన్నీ తిరిగి, క్వారీ కూలీల ఇండ్లకు పోయి, రండమ్మా రండప్పా అని పిలిచివచ్చింది. మూడు వందల మందికి తక్కువ లేరు. పెండ్లికొడుకూ పెండ్లికూతురూ కూర్చునే వేదిక మీద తెర కట్టాను. బెంగళూరు పిల్లలు అడిగారని జనాన్ని తీయడానికి ఒక మూల కెమెరా కూడా పెట్టాను.

సినిమా నడిచింది. కాలిన కొట్టాల తర్వాత పేజీ తిరగలేదు. కల్తూమా వచ్చింది, తెర నిండా. మా అమ్మ గొంతు మండపమంతా వినబడింది. "నా పేరు కల్తూమా. మా ఊర్లో నూటిరవై ఇండ్లుండె. ఇప్పుడు ఒగటీ లేదు." ముందు వరుసలో ఒకామె "ఐయో పావం" అంది. అన్నపూర్ణమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

అప్పుడు కరెంటు పోయింది.

నా అరికాలి మంట నెత్తికెక్కింది. మేనేజరు మీదికి పరిగెత్తాను. జనరేటర్ వెయ్యవయ్యా అంటే, "ఆషాఢంలో డీజిల్ ఎవురు పోస్తారప్పా" అన్నాడు. వాణ్ణి నాలుగు తిట్టి లోపలికి వచ్చేసరికి జనం లేస్తున్నారు. చెప్పులు వెతుక్కుంటున్నారు. ఆరు మంది, పది మంది వాకిలి దాటారు. ఐదు వందల కార్డులూ, ఆమె రెండేళ్ల తిరుగుడూ అంతా అయిపోయిందనుకున్నాను. అన్నపూర్ణమ్మ వైపు చూసే ధైర్యం లేక ప్రొజెక్టరు వైరు అనవసరంగా పీకి మళ్లీ పెట్టాను.

మొదటి వరుసలో మా అమ్మ లేచి నిలబడింది.

"కూసోండమ్మా. ఆమె ఇంకా సెప్పలేదు," అంది. వేదిక మీదికి ఎక్కింది. పెండ్లి మండపంలో వేదిక మీదికి ఆమె ఎక్కగా నేను పుట్టినప్పటి నుంచి చూడలేదు. చీకటి తెర ముందు నిలబడి, మొన్నంతా షాపులో చెప్పిన మాటలు చెప్పింది.

"నా మొగుడు వాకిట్లోనే పడిపోయినాడు. నాకు ముగ్గురు పిలకాయలు. పెద్దోడు ఆదం. నడిపోడు ఇద్రిస్. సిన్నోడు ఇస్హాక్. రాసుకుంటాండావా? రాసుకో. మీరు మళ్లా వస్తారో రారో. నేను ఏడస్తా కూసోలేదు. గుడారం గుడారం తిరిగినా. పన్నెండు ఊర్లోళ్ల పేర్లు నా తలకాయలో ఉండాయి. నేను సచ్చే లోపల ఎవురో ఒగరు రాసుకోవాల."

ఒక్క పేరూ తప్పు పలకలేదు. వాకిలి దాటినవాళ్లు తిరిగొచ్చి నిలబడే విన్నారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, కెమెరా బ్యాటరీ మీద నడుస్తోందని. మూలకు పరిగెత్తి దాన్ని వేదిక వైపు తిప్పాను. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలింది. మా అమ్మ మొహాన్ని ఫ్రేము మధ్యలో పెట్టి చెయ్యి వదిలేశాను. మధ్యలో ఆమె ఆగింది, ముక్కు చీదింది, మళ్లీ అందుకుంది. ఏదీ ఆపలేదు.

కరెంటు గంటన్నర తర్వాత వచ్చింది. మిగతా సినిమా వేశాం, ఎవరూ పోలేదు. ఆ తర్వాత అన్నపూర్ణమ్మ టేబుల్ దగ్గర తోపులాట. రాయడం రానివాళ్లకు జనంలోని కాలేజీ పిల్లలు రాసిపెట్టారు. కార్డు అడుగున ఒక్కో పేరు రాయమని ఎవరూ చెప్పలేదు, వాళ్లే రాయించుకున్నారు. ఆదం అని కొందరు, ఇస్హాక్ అని కొందరు. అన్నపూర్ణమ్మ పాత అలవాటు కొద్దీ ప్రతి కార్డునూ తిప్పి అడ్రసు సరిచూసింది. పిన్‌కోడ్ తప్పు రాసినవాణ్ణి మళ్లీ రాయించింది. అంత సందట్లోనూ. ముందువి, ఇవీ కలిపి నాలుగు వందల డెబ్భై రెండయ్యాయి. మిగిలిన ఇరవై ఎనిమిదీ ఆమే కూర్చుని రాయొచ్చు కదా అన్నాను. "దొంగ కార్డులా?" అని నన్ను కసిరింది.

చంపడం ఆగిందా అని నన్నడగొద్దు. ఆగలేదు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ వార్తలు వస్తూనే ఉన్నాయి, చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అన్నపూర్ణమ్మ మాత్రం ఆ వార్త కత్తిరించి, దాని కింద తేదీ రాసి, మరుసటి సోమవారం ఇంకో ఊరికి బస్సెక్కేది. అట్లాంటి మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. దండం పెట్టాలనిపిస్తుంది, పెడితే తిడుతుంది.

ఆ సాయంత్రం పలమనేరు దాటాక, వెనక సీట్లో అన్నపూర్ణమ్మ, కార్డులన్నీ బెంగళూరు పిల్లలకిచ్చేయగా ఖాళీ అయిన సంచి మీద తలపెట్టి నిద్రపోయింది. ఆమె పక్కనున్న మా అమ్మ ముందుకు వంగి నెమ్మదిగా అడిగింది.

"ఈ తూరి నేను పడినానా అప్పా?"

"పడినావమ్మా. మొత్తం పడినావు."

ఇంటికి వచ్చాక కెమెరాలోంచి క్యాసెట్ తీశాను. దాని వెనక ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని పక్కకు జరిపితే ఆ టేపు మీద మళ్లీ ఇంకేదీ ఎక్కదు. పద్దెనిమిదేళ్లలో నేను ఆ మీటను ఒక్కసారీ ముట్టుకోలేదు. ఆ రోజు జరిపాను.